ఒంటరిగా పరాయి దేశానికి: నిర్ణయం నుంచి తిరిగొచ్చిన మొదటి వారం దాకా

"ఒక్కదాన్నే విదేశాలకు వెళ్లాలనుంది, ఏ దేశమైతే బాగుంటుంది?" "ఒక్కడినే వెళ్తే ఎక్కడ సేఫ్?" నన్ను ఎక్కువమంది అడిగేవి ఇవే. దేశం పేరు చెప్పడం పెద్ద పని కాదు. కానీ దానికి ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లు ఉంటారు. ఈ రెండూ తేలితే దేశం దాదాపు దానంతట అదే తేలుతుంది.

నా మొదటి ఒంటరి ప్రయాణంలో 12 రోజుల్లో 5 నగరాలు తిరిగాను. రోజూ రైలు టైములు, గది ఖాళీ చేసే టైములు, చూడాల్సినవాటి జాబితా. తిరిగొచ్చాక ఫొటోలు చూస్తే ఏది ఏ ఊరో తేల్చుకోవడానికే కష్టమైంది. రెండోసారి పోర్చుగల్‌లోని పోర్తోలో, ఒకే గదిలో, మూడు వారాలున్నాను. నాలో ఏదైనా మారిందంటే ఆ మూడు వారాల్లోనే మారింది. అందుకే ఇందులో నేను చెప్పేదంతా ఒకవైపే మొగ్గుతుంది: ఒక ప్రశ్న, ఒక చోటు, సరిపడా రోజులు.

1. ముందు ఒక్క వాక్యం రాయండి

కాగితం మీద "నేను వెళ్తున్నది..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయండి. "నన్ను నేను తెలుసుకోవడానికి" అని వస్తే కొట్టేసి మళ్లీ రాయండి. అది అబద్ధమని కాదు, దాన్ని పట్టుకుని ఏ రోజు ఏం చేయాలో తెలీదు. ఇంకాస్త లోతుకు దిగితే అసలు మాట బయటపడుతుంది. "చిన్న నిర్ణయానికి కూడా నలుగుర్ని అడుగుతున్నాను, అది మానాలి." "పదేళ్లుగా ఒకే పని చేస్తున్నాను, నాకు నిజంగా ఏది ఇష్టమో మర్చిపోయాను." "గదిలో ఒక్కడినే గంటసేపు కూర్చోలేకపోతున్నాను." ఇలాంటి వాక్యం దొరికితే ప్రయాణంలో ఏం సాధన చేయాలో కూడా దొరికినట్టే. అందర్నీ అడిగే అలవాటున్నవాళ్లు, భద్రతకు సంబంధించినవి తప్ప మిగతా ఏ విషయమూ పది రోజులపాటు ఇంటికి ఫోన్ చేసి అడగకూడదని నియమం పెట్టుకోవచ్చు. ఒంటరితనమంటే భయపడేవాళ్లు రోజుకో పూట ఫోన్ గదిలో పెట్టి భోజనానికి వెళ్లొచ్చు.

తర్వాత ఇంకో పరీక్ష: "నన్ను వేధిస్తున్న సమస్య ఇవాళే తీరిపోతే, అయినా వెళ్తానా?" వెళ్తాననిపిస్తే సందేహించక్కర్లేదు. వెళ్లననిపిస్తే ముందు ఆ సమస్య సంగతి చూడాలి. అప్పు, తెగని గొడవ, సగంలో వదిలేసిన నిర్ణయం లాంటివి మన సామాను కంటే ముందే అక్కడికి చేరతాయి.

ఆత్మీయులు పోయినప్పుడో, బంధం తెగిపోయినప్పుడో ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించడం సహజం, అందులో తప్పేమీ లేదు. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోతున్నా, బతకాలనిపించకపోతున్నా దయచేసి ముందు డాక్టర్‌ని కలవండి, మీవాళ్లలో ఒకరికైనా చెప్పండి. భాష తెలియని ఊళ్లో, తెలిసిన మనిషి లేని రాత్రి ఆ బాధను ఇంకా పెంచుతుంది. ప్రయాణం ఎక్కడికీ పోదు, కొన్ని నెలల తర్వాత కూడా వెళ్లొచ్చు.

2. దగ్గర్లోనే ఒక రిహార్సల్

పాస్‌పోర్ట్ అక్కర్లేని దూరంలో, మీకెవరూ తెలియని ఒక ఊరికి రెండు రాత్రులు ఒంటరిగా వెళ్లిరండి. చుట్టాలు, స్నేహితులు ఉన్న ఊరు వద్దు. ఫొటోలు పంపకండి, ఎక్కడున్నారో ఒక్కరికి మాత్రం తెలిస్తే చాలు. అక్కడ మిమ్మల్ని మీరు గమనించుకోండి. ఒంటరిగా కూర్చుని తింటుంటే చేతులు ఫోన్ కోసం ఎన్నిసార్లు వెళ్లాయి? దారి తప్పినప్పుడు ముందు కోపం వచ్చిందా, భయం వేసిందా? రెండో రాత్రి మొదటి రాత్రి కంటే తేలికగా గడిచిందా, భారంగా గడిచిందా?

రెండో రాత్రి భారంగా గడిచిందంటే విదేశం మీకు పడదని అర్థం కాదు. మొదటి ప్రయాణానికి కాస్త మనుషులుండే ఏర్పాటు చూసుకోవాలన్నమాట: భాష నేర్పే క్లాసు, నలుగురూ ఒకే వంటగది వాడుకునే బస, బృందంగా నడిచే దారి.

3. ఎక్కడికి, ఎన్నాళ్లు

ఈ విషయంలో పరిశోధనలున్నాయి. హాయో ఆడమ్ బృందం 2018లో ఆరు అధ్యయనాలు కలిపి ఒక పత్రం ప్రచురించింది. విదేశాల్లో నివసించినవాళ్లకు 'నేనెవరు' అన్నదాని మీద స్పష్టత ఎక్కువగా ఉందని వాళ్లు చూశారు. నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి: ఎన్ని దేశాల్లో ఉన్నారన్నది కాదు, ఎంతకాలం ఉన్నారన్నదే ఆ తేడా తెచ్చింది. అక్కడి మనుషుల తీరు వేరుగా కనిపించినప్పుడు, 'ఇది నా నమ్మకమా, నేను పెరిగిన చోటు నాకిచ్చిన అలవాటా' అని మళ్లీ మళ్లీ జల్లెడ పట్టుకోవడం వల్లే ఆ స్పష్టత వస్తుందని వాళ్ల వివరణ. అంతకుముందు 2009లో విలియం మాడక్స్, ఆడమ్ గలిన్‌స్కీ చేసిన పరిశోధనలోనూ సృజనాత్మకత పెరగడానికి, విదేశంలో నివసించడానికి సంబంధం కనిపించింది కానీ ఊరికే తిరిగిరావడానికి కనిపించలేదు.

ఇవన్నీ ఎక్కువకాలం ఉండిపోయినవాళ్ల గురించి, నిజమే. మూడు వారాల సెలవుకు వీటిని ఉన్నదున్నట్టు అన్వయించలేం. అయినా దారి మాత్రం ఒకటే: ఉన్న రోజుల్ని ముక్కలు చేయకండి. రెండు వారాలుంటే ఒకే ఊరు. నెల ఉంటే రెండు ఊళ్లు చాలు.

చోటు ఎంచుకునేటప్పుడు మీ వాక్యాన్ని పక్కన పెట్టుకోండి.

ఆలోచనలు ఒక కొలిక్కి రావాలనుకునేవాళ్లకు నడక దారులు మంచివి. స్పెయిన్‌లోని సాంతియాగో దాకా వెళ్లే కమీనో అనే క్రైస్తవ యాత్రా దారుల్లో ఎక్కువమంది నడిచేది ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సాఁ జాఁ పియె ద పోర్ నుంచి మొదలయ్యేది. దాదాపు 780 కి.మీ., సుమారు ఐదు వారాలు. అన్ని రోజులు లేకపోతే చివరి 100 కి.మీ. పైచిలుకు మాత్రమే నడిచేవాళ్లూ చాలామంది ఉన్నారు. యాత్ర పూర్తిచేసినట్టు ఇచ్చే పత్రానికి కాలినడకన కనీసం 100 కి.మీ. ఉండాలి, దారిలో బసల దగ్గర, చర్చిల దగ్గర ముద్రలు వేయించుకుంటూ వెళ్లాలి. ఒంటరిగా వెళ్లినా ఒంటరిగా ఉండక్కర్లేని దారి అది. పొద్దున ఒక్కరే బయల్దేరతారు, సాయంత్రం బసలో అదే దారి నడిచిన ముఖాలు పలకరిస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలీదు.

జపాన్‌లోని షికోకు దీవి చుట్టూ 88 ఆలయాల యాత్ర దాదాపు 1,200 కి.మీ. అక్కడ యాత్రికుల తెల్లబట్టల మీద, గడ్డి టోపీల మీద 'దోగ్యో నినిన్' అని రాసి ఉంటుంది. ఇద్దరం కలిసి నడుస్తున్నామని అర్థం. రెండోవారు ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన బౌద్ధ సన్యాసి కోబో దైషి. ఒక్కరే నడుస్తున్నా వెంట ఒకరున్నారనే ఆ భావన నాకెంతో ఇష్టం. ఊళ్లవాళ్లు యాత్రికులకు పండో, నీళ్లో, కాసేపు కూర్చునే చోటో ఇస్తారు, దాన్ని 'ఒసెత్తాయ్' అంటారు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేని మనుషులుంటారు చూడండి, వాళ్లు నేర్చుకోవాల్సింది ఆ దారిలో చాలా ఉంది.

మౌనం కావాలంటే ఎన్నో దేశాల్లో ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో జరిగే పది రోజుల విపస్సన ధ్యాన శిబిరాలున్నాయి. ఫీజు లేదు, ఫోన్ అప్పగించాలి, తెల్లవారి నాలుగింటికి లేవాలి. కానీ విదేశం, ఒంటరితనం, పది రోజుల మౌనం, ఈ మూడూ మొదటిసారే కలిపి పెట్టుకోవద్దు. మానసిక ఆరోగ్య సమస్యలున్నవాళ్లు దరఖాస్తులో దాచకుండా రాయాలి.

మాట కలపడం నేర్చుకోవాలంటే ఏదైనా ఒక నగరంలో మూడు వారాల భాషా క్లాసులో చేరండి. పెద్దవాళ్లు మళ్లీ పసిపిల్లల్లా తప్పులు మాట్లాడుతూ నవ్వుకోగలగడం మామూలు విషయం కాదు. బసకు బదులుగా పనిచేసే పద్ధతి కూడా ఉంది, కానీ టూరిస్టు వీసా మీద జీతం లేని పనిని కూడా ఉద్యోగంగా లెక్కగట్టే దేశాలున్నాయి. ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చూడకుండా ఒప్పుకోకండి.

4. ఇంట్లో చెప్పడం

అనుమతి అడుగుతున్నారా, విషయం చెబుతున్నారా అన్నది ముందు మీకు తెలియాలి. రెండూ కలిపితే వాదన తెగదు. "వెళ్లాలనుకుంటున్నాను, ఏమంటారు?" అని మొదలుపెట్టి, వద్దన్నాక కోపం తెచ్చుకోవడం వాళ్లకూ అన్యాయమే. నిర్ణయం అయిపోయాకే చెప్పండి. చెప్పేటప్పుడు తేదీలు, బస చిరునామా, ఇన్సూరెన్స్ కాపీ చేతిలో ఉండాలి. వాళ్ల భయానికి వివరాలే మందు, ధైర్యవచనాలు కాదు.

ఫోన్ ఒప్పందం కూడా అప్పుడే చేసుకోండి. రోజుకొకసారి, ఫలానా సమయానికి "బాగున్నాను" అని ఒక్క మెసేజ్. అది 24 గంటలు రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసిపెట్టండి. ఈ ఒప్పందం లేకపోతే గంటకో ఫోన్ వస్తుంది, అప్పుడు మీరు దేశం దాటినా ఇల్లు దాటనట్టే.

5. డబ్బు

మూడు భాగాలుగా పెట్టుకోండి. ఒకటి వెళ్లడానికి: టికెట్, వీసా, ఇన్సూరెన్స్. రెండోది అక్కడ రోజుకింత చొప్పున, దానికి పైన నాలుగో వంతు అదనం. మూడోది ఏమైనా సరే ముట్టుకోనిది: ఎప్పుడంటే అప్పుడు తిరిగొచ్చే టికెట్ ఖరీదు, తిరిగొచ్చాక ఒక నెల బతకడానికి కావాల్సింది. ఈ మూడో భాగం లేకుండా బయల్దేరకండి. ఎప్పుడైనా తిరిగి రాగలమని తెలిసినవాళ్లే కష్టమైన రోజు కూడా అక్కడే నిలబడగలుగుతారు.

కార్డులు రెండు, వేర్వేరు చోట్ల. ఒకటి పర్సులో, ఒకటి గదిలో. ఏటీఎం లేదా దుకాణంలోని మెషిన్ "మీ దేశపు కరెన్సీలో తీసుకోమంటారా" అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మెషిన్ చూపించే మారకం రేటు దాదాపు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. బ్యాంకు ఓటీపీలు మీ పాత నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్ తీసేయకండి. దాన్ని మెసేజ్‌ల కోసం ఉంచి, డేటాకు ఈసిమ్ తీసుకుంటే సరిపోతుంది. బయల్దేరే ముందే ఆ నంబరుకు రోమింగ్ ఆన్ అయిందో లేదో చూసుకోండి. ఇది మర్చిపోయి నేను ఒక రోజంతా బస డబ్బు కట్టలేకపోయాను.

6. కాగితాలు

తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండేలా చూసుకుంటే దాదాపు ఎక్కడికైనా ఇబ్బంది ఉండదు. వీసా నియమాలు మీ పాస్‌పోర్టును బట్టి మారతాయి, పక్కవాళ్లకు వర్తించింది మీకు వర్తించకపోవచ్చు. తిరుగు టికెట్టో, అక్కడి నుంచి ఇంకో చోటికి వెళ్లే టికెట్టో చూపించమని విమానం ఎక్కకముందే అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే 29 దేశాల షెంగెన్ ప్రాంతానికి వెళ్లేవాళ్లు 90/180 లెక్క దగ్గర తరచుగా పొరపాటు పడతారు. ఏ రోజు చూసినా, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కేస్తే అందులో మీరున్నవి 90 దాటకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. వీసా స్టిక్కర్ మీద అంతకంటే తక్కువ రోజులు రాసి ఉంటే అదే మీ హద్దు. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ అంత చివరిదాకా ఆగకండి. వైద్య ఖర్చులకు, అవసరమైతే స్వదేశానికి చేర్చడానికి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి.

తప్పనిసరి కాని చోటికి వెళ్తున్నా ఇన్సూరెన్స్ తీసుకోండి. ఒంటరిగా ఉన్నవాళ్లకు కాలు విరిగితే మందులు తెచ్చేవాళ్లు కూడా ఉండరు. రోజూ వేసుకునే మందులుంటే అసలు ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో పట్టుకెళ్లండి. ఒక దేశంలో మామూలుగా దొరికేవి ఇంకో దేశంలో నేరం కావచ్చు. ముక్కుదిబ్బడ మాత్రల్లో వాడే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి అనుమతించరు. నొప్పి తగ్గించే కొడీన్, ట్రామడాల్ మీద యూఏఈలో గట్టి నియంత్రణ ఉంది. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశాలకు, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది.

ఇంకొక్కటి తెలిసి ఉండాలి. పరాయి దేశంలో పోలీసులు అదుపులోకి తీసుకుంటే మీ దేశపు కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చింది. కాన్సులేట్ నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకోండి.

7. సంచి

మీరే మోస్తూ నాలుగంతస్తులు ఎక్కగలిగినంత. అంతే కొలత. 1889లో నెల్లీ బ్లై అనే అమెరికన్ పాత్రికేయురాలు ఒక్క చేతిసంచితో బయల్దేరి 72 రోజుల్లో భూమి చుట్టి వచ్చింది. అందులో ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చోటంతా ఆక్రమించిన ఒక కోల్డ్ క్రీమ్ డబ్బా. మీ సంచిలో ఆ డబ్బా ఏదో ముందే కనిపెట్టి ఇంట్లో వదిలేయండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు.

8. మొదటి మూడు రోజులు

వెలుతురుండగా దిగే విమానం చూసుకోండి, కాస్త ఖరీదైనా సరే. మొదటి రెండు మూడు రాత్రుల బస ముందే బుక్ చేయండి, ఎయిర్‌పోర్ట్ నుంచి అక్కడికి ఎలా వెళ్లాలో కాగితం మీద రాసుకోండి. సమయం మారి నిద్ర తారుమారయ్యే జెట్‌లాగ్ తగ్గడానికి సుమారుగా ఒక్కో టైమ్ జోన్‌కు ఒక్కో రోజు పడుతుంది, తూర్పుకు వెళ్తే ఇంకాస్త కష్టం. ఈ రోజుల్లో పెద్ద నిర్ణయాలేవీ వద్దు.

మూడో సాయంత్రం గురించి చెప్పాలి. పోర్తోలో నాలుగో అంతస్తు గది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, తాడు మీద ఎవరో చిన్నపిల్లల బట్టలు. నా చొక్కా ఉతికి కుర్చీకి ఆరేశాను, చుక్కలు నేల మీద పడుతున్నాయి. కింద వీధిలో ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలిచారు. ఈ ఊళ్లో నా పేరు తెలిసిన మనిషి ఒక్కరూ లేరని అప్పుడు తట్టింది. గొంతు పట్టేసింది. తిరుగు టికెట్ ముందుకు జరపడానికి ఎంతవుతుందో ఫోన్‌లో చూశాను కూడా. ఏమీ తోచక, కిందికి దిగి మూల మీదున్న బేకరీకి వెళ్లాను. చిల్లర తెలీక అరచెయ్యి చాచాను. కౌంటర్ దగ్గరున్న ఆవిడ నా చేతిలోంచి తనకు కావాల్సిన నాణేలు ఏరుకుని, ఎక్కువొచ్చిన ఒకటి మళ్లీ నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. తొమ్మిదో రోజుకి నేను గుమ్మంలో అడుగుపెట్టగానే రొట్టె తీసి పెట్టేది.

కొత్త దేశంలో మొదట మురిపెం, తర్వాత దిగులు, ఆపైన మెల్లగా అలవాటు పడడం, ఈ వరసను కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లోనే రాశారు. చిన్న ప్రయాణాల్లో కూడా ఒక ముక్కలా ఇది కనిపిస్తుంది. అందుకని ఒక నియమం: దిగులు మొదలయ్యాక 72 గంటల దాకా తిరిగిరావాలన్న నిర్ణయం తీసుకోకండి. తిని, నిద్రపోయి, మనుషులున్న చోట కాసేపు కూర్చుని చూడండి.

9. మధ్యలో రోజులు

రోజూ అదే బేకరీ, అదే బెంచీ, అదే దారి. విసుగ్గా అనిపిస్తుంది, కానీ ముఖాలు గుర్తుపట్టేది అలాగే. రోజుకొక అపరిచితుడితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడండి. రాత్రి అరపేజీ రాయండి: ఇవాళ ఏ నిర్ణయం ఒక్కరే తీసుకున్నారు, ఏ మాటకు చిరాకుపడ్డారు. చూసినవాటి వర్ణన అక్కర్లేదు.

భద్రత విషయంలో మొహమాటం వదిలేయండి. ముఖ్యంగా ఆడవాళ్లు. మనసు కీడు శంకిస్తే కారణం వెతక్కుండా అక్కడి నుంచి కదలండి. "వద్దు" అన్నాక సంజాయిషీ అక్కర్లేదు. ఒంటరిగా వచ్చారా అని అడిగితే "స్నేహితులు వస్తున్నారు" అనడం తప్పు కాదు. ఫొటోలు ఆ చోటు వదిలాకే పెట్టండి. మీ కళ్లముందు తెరవని పానీయం తాగకండి. ఐరోపా యూనియన్ దేశాలన్నిట్లో అత్యవసరానికి 112 పనిచేస్తుంది. వేరే చోట్ల ఆ దేశపు నంబరు దిగకముందే రాసుకోండి.

వారం దాటినా నిద్ర, తిండి కుదరకపోతే, రోజూ భయంగానే ఉంటే తిరిగి వచ్చేయండి. మూడో భాగం డబ్బు ఉన్నది అందుకే. అది ఓడిపోవడం కాదు. తన హద్దు తానే గుర్తించి, తానే టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషి వెళ్లేటప్పటి మనిషి కాదు.

10. తిరిగొచ్చిన మొదటి వారం

దీనికెవరూ సిద్ధపడరు. ఇంటికి రాగానే అంతా బాగుండాలి కదా అనుకుంటాం. కానీ ఇల్లు అలాగే ఉంటుంది, మనం కాస్త పక్కకు జరిగి ఉంటాం. ఈ రెండో కుదుపు గురించి పరిశోధకులైన గల్లాహోర్న్ దంపతులు 1963లోనే రాశారు. మీ కథ రెండు నిమిషాలకు మించి వినే ఓపిక చాలామందికి ఉండదు. బాధపడకండి, వినేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతావాళ్లకు ఫొటోలు చాలు.

వచ్చిన మర్నాడే ఉద్యోగానికి వెళ్లేలా కాకుండా రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఉద్యోగం మానేయడం, ఊరు మారడం లాంటి నిర్ణయాలు నెల దాకా ఆపండి. సంచి విప్పేటప్పుడు మొదట్లో రాసుకున్న ఆ కాగితం బయటికి తీయండి. వాక్యం కింద, అక్కడ చేసి ఇక్కడ కూడా చేయగలిగిన ఒక్క పని రాయండి. ఒక్కటే. నేను రాసుకుంది ఆదివారాలు ఫోన్ ఇంట్లో పెట్టి ఒంటరిగా నడవడం. దానికి రోజు, గంట కూడా రాసి, ఆ కాగితాన్ని తలుపు లోపలివైపు, చెప్పులు వేసుకునేటప్పుడు కనిపించే ఎత్తులో అంటించాను.